పొగ పోలేదు, వాసనే పోయింది

సోల్డరింగ్ చేసేటప్పుడు లేచే పొగని పీల్చేసే యంత్రం అని చెప్పి ఆన్‌లైన్‌లో ఒక వస్తువు అమ్ముతుంటారు, చూసే ఉంటారు. ముందో నల్ల స్పాంజి ముక్క, దాని వెనకాల ఒక ఫ్యాను, కింద ఓ స్టాండు. అంతే. ఇదే వస్తువుని ఇంట్లో చేసుకోవడం ఎలాగో చూపించే వీడియోలకీ కొదవలేదు. పాత సీపీయూ క్యాబినెట్లోంచి ఊడబీకిన 120 మిల్లీమీటర్ల ఫ్యాను, 12 వోల్టుల అడాప్టరు, ఒక కార్బన్ స్పాంజి, నాలుగు స్క్రూలు. అరగంట పని. చివర్లో పొగ వంపు తిరిగి ఫ్యాన్లోకి దూరిపోతున్న దృశ్యం ఒకటి, వెనక మ్యూజిక్కుతో సహా.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ వస్తువు కొనుక్కున్నా, చేసుకున్నా పొగని మన మొహమ్మీంచి పక్కకి తప్పిస్తుందే తప్ప గదిలోంచి బయటికి పంపదు. ఆ స్పాంజిలో ఉండే కార్బన్ కొంత వాసనని పట్టుకుంటుంది. పొగలో ఉండే సన్నని రేణువులు మాత్రం దాని రంధ్రాల్లోంచి దర్జాగా ఇవతలికొచ్చి గదంతా తిరుగుతాయి. అంటే వార్నింగులన్నీ ఆఫ్ చేసేసి బిల్డ్ క్లీన్‌గా వచ్చిందని చంకలు గుద్దుకోవడం లాంటిదన్నమాట. వాసన అనేది మనకి దేవుడిచ్చిన వార్నింగు. దాన్ని తీసేసి రేణువుల్ని ఉంచే పరికరం కంటే అసలేదీ లేకపోవడమే నయమేమో అని కూడా అనిపిస్తుంది నాకు. అప్పుడు కనీసం కిటికీ అయినా తీస్తాం కదా!

ఇదంతా ఎందుకంటే, మనవాళ్ళలో సోల్డరింగ్ ఐరన్ పట్టినవాళ్ళు బాగా పెరిగారు. పగలంతా ఎక్కడో క్లౌడులో ఉన్న, కంటికి కనబడని సర్వర్లతో కుస్తీ పట్టేవాడికి రాత్రయ్యేసరికి చేతికి తగిలేదేదో చెయ్యాలనిపించడం సహజం. ఒకడు కీబోర్డు కడతాడు, ఒకడు డ్రోను, ఇంకొకడు మొక్కలకి నీళ్ళు పోసే ఈఎస్‌పీ32 బోర్డు. మంచిదే. కానీ చేసేదెక్కడ? ఫ్లాట్లో రెండో బెడ్రూములో. తలుపేసుకుని, ఏసీ వేసుకుని, పిల్లలు పడుకున్నాక. ఒక్కోసారి పిల్లలు పడుకున్న గదిలోనే.

అసలా పొగ ఏమిటి? ఎవర్ని అడిగినా చెప్పే మొదటి మాట "సీసం కదా" అని. కాదు. మామూలు తగరం-సీసం తీగ 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది, మనం ఐరన్ని 350 దగ్గర పెడతాం, సీసం మరిగేది 1749 డిగ్రీల దగ్గర. కాబట్టి ఆ వేడికి ఆవిరయ్యే సీసం లెక్కలోకి రానంత తక్కువ. సీసంతో ప్రమాదం వేరే దారిలో ఉంది. తీగ పట్టుకున్న వేళ్ళతోనే మిక్చరు తినడం, బల్లమీద రాలిన తుంపులు పిల్లల చేతికి దొరకడం, అదీ సంగతి. చేతులు సబ్బుతో కడుక్కుని, బల్లని తడిబట్టతో తుడిచేస్తే అది చాలావరకు తీరిపోతుంది. మీరు ఎంత గొప్ప ఫ్యాను పెట్టినా తీరదు.

పొగ వచ్చేది తీగ మధ్యలో దాచిపెట్టిన ఫ్లక్స్ నుంచి. అందులో ముఖ్యమైనది రోజిన్. పైన్ చెట్ల బంకని మరిగించి తీస్తారు. వయొలిన్ వాళ్ళు కమానుకి రుద్దుకునేదీ ఇదే. చెట్టు నుంచొచ్చింది కాబట్టి మంచిదే అనుకునే ఆయుర్వేద బుద్ధి మనకి కాస్త ఎక్కువే గానీ, కాలిన రోజిన్ పొగ పనిచోట్ల ఉబ్బసం తెప్పించే వాటిల్లో పేరుమోసింది. బ్రిటన్లో పనిచోట భద్రత చూసే హెచ్‌ఎస్‌ఈ అనే ప్రభుత్వ సంస్థ దీనికి ప్రత్యేకంగా ఒక హద్దు పెట్టింది. ఎనిమిది గంటల సగటున ఘనపు మీటరు గాలిలో 0.05 మిల్లీగ్రాములు, పావుగంట సగటున 0.15 మిల్లీగ్రాములు దాటకూడదు.

0.05 మిల్లీగ్రాములంటే 50 మైక్రోగ్రాములు. పొద్దున్నే ఫోన్లో గాలి నాణ్యత చూసుకుని నిట్టూర్చేవాళ్ళకి ఈ అంకె పరిచయమే. మన దేశంలో పీఎం2.5 కి 24 గంటల ప్రమాణం 60. ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. 1 మిల్లీమీటరు మందం తీగ ఒక మీటరు పొడవుంటే సుమారు 6.5 గ్రాములు తూగుతుంది. అందులో 2 శాతం ఫ్లక్స్ అనుకుంటే 130 మిల్లీగ్రాములు. పది అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదిలో గాలి 28 ఘనపు మీటర్లు. ఆ గదిని 50 మైక్రోగ్రాముల హద్దుకి చేర్చడానికి 1.4 మిల్లీగ్రాములు చాలు. అంటే మీటరు తీగలో ఉన్న ఫ్లక్స్‌లో వందో వంతు గాల్లో కలిసి అక్కడే ఉండిపోయినా దాదాపు హద్దు దగ్గరికి వచ్చేశామన్నమాట. ఒక కీబోర్డు కట్టడానికి మీటరు కంటే ఎక్కువే పడుతుంది. ఆ హద్దు రోజూ ఎనిమిది గంటలు పనిచేసే కార్మికుడి కోసం పెట్టింది, వారానికో గంట చేసే మనకి కాదు, నిజమే. అందుకే భయపడమని అనట్లేదు. తలుపులన్నీ బిగించుకున్న గదిలో స్పాంజి ఫ్యాను పెట్టుకుని నిశ్చింతగా ఉండొద్దనే అంటున్నాను.

ఇక్కడ ఒక మాట తప్పకుండా వస్తుంది. "రోజూ అగరొత్తులు వెలిగిస్తాం, దోమల చుట్ట కాలుస్తాం, దానికి లేనిది దీనికా?" అని. దోమల చుట్ట సంగతి ఎత్తకపోతేనే మంచిది. ఒక చుట్ట పూర్తిగా కాలితే వచ్చే సన్నని రేణువులు 75 నుంచి 137 సిగరెట్లతో సమానమని 2003లో వచ్చిన ఒక పరిశోధనలో లెక్కగట్టారు. ఒక తప్పు ఇంకో తప్పుకి లైసెన్సు ఎలా అవుతుందో నాకర్థం కాదు. పైగా రోజిన్‌కి ఒక ప్రత్యేకమైన దుర్గుణం ఉంది. అది ఊపిరితిత్తుల్ని రెచ్చగొట్టి ఊరుకోదు, గుర్తుపెట్టుకునేలా చేస్తుంది. ఒకసారి ఆ ఎలర్జీ మొదలైందంటే తర్వాత కొంచెం పొగకే ఆయాసం వస్తుంది. దాన్ని వెనక్కి తిప్పే రోల్‌బ్యాక్ లేదు.

సీసం లేని తీగ వాడితే? పొగ విషయంలో పెద్దగా ఒరిగేదేమీ లేదు. తగరం, వెండి, రాగి కలిపిన తీగ 217 డిగ్రీల దగ్గర కరగడం మొదలెడుతుంది కాబట్టి ఐరన్ వేడి పెంచుతాం, ఫ్లక్స్ కూడా ఘాటైనది పెడతారు. పొగ ఇంకాస్త ఎక్కువే రావచ్చు. డబ్బా మీద ఆకుపచ్చ ఆకు బొమ్మ చూసి మోసపోకండి.

సరే, ఫ్యాను దగ్గరికొద్దాం. దీపాన్ని మూరెడు దూరం నుంచి ఉఫ్ అని ఊది ఆర్పగలం. అదే దూరం నుంచి గాలి లోపలికి పీల్చి ఆర్పగలరేమో చూడండి. ఊదే గాలి తిన్నగా దూసుకుపోతుంది. పీల్చే గాలి అన్ని వైపుల నుంచీ వచ్చి చేరుతుంది, కాబట్టి కొంచెం దూరం జరిగేసరికి దాని వేగం చచ్చిపోతుంది. 1930ల్లో డల్లావల్లే అనే ఇంజనీరు దీనికో సూత్రం ఇచ్చాడు. సెకనుకి పీల్చే గాలిని, దూరం వర్గానికి పది రెట్లూ నోటి వైశాల్యమూ కలిపిన దానితో భాగిస్తే ఆ దూరంలో గాలి వేగం వస్తుంది. మన 120 ఫ్యాను మీద 70 సీఎఫ్ఎమ్ అని రాసి ఉన్నా, స్పాంజి అడ్డుపడ్డాక 40 మిగిలిందనుకుందాం, ఉదారంగానే. అంటే సెకనుకి 0.019 ఘనపు మీటర్లు. ఫ్యాను నుంచి 5 సెంటీమీటర్ల దూరంలో వేగం సెకనుకి అర మీటరు. 12 సెంటీమీటర్ల దగ్గర 0.12. ఇక 30 సెంటీమీటర్ల దగ్గర 0.02, అంటే సెకనుకి 2 సెంటీమీటర్లు. మెల్లగా లేచే పొగని లాక్కోవాలంటే 0.25 నుంచి 0.5 దాకా కావాలని వెంటిలేషన్ పుస్తకాలు చెబుతాయి. వీడియోల్లో ఫ్యాన్ని బోర్డుకి ఆనించినట్టు ఎందుకు పెడతారో ఇప్పుడు తెలిసిందా? నిజంగా పనిచేసేటప్పుడు చెయ్యి ఆడాలని దాన్ని జానెడు అవతలికి జరుపుతాం. జరిపిన క్షణమే అది అలంకారం అయిపోతుంది.

దీనికి తోడు మన నెత్తిమీద సీలింగ్ ఫ్యాను. హైదరాబాదు మే నెలలో ఫ్యాను కట్టేసి సోల్డరింగ్ చెయ్యమని ఎవరైనా చెబితే వాళ్ళు ఇక్కడ ఉండట్లేదని అర్థం :) సీలింగ్ ఫ్యాను గాలి బల్ల దగ్గర సెకనుకి మీటరు వేగంతో కొడుతుంటే, 0.1 తో పీల్చే పరికరం ఏం చేస్తుంది పాపం. అమెరికా వాడు చలికాలంలో గరాజ్‌లో తీసిన వీడియోకీ మన గదికీ ఉన్న తేడా ఇదే.

హెపా ఫిల్టరు తగిలిస్తే పోలా అంటారు. రేణువుల్ని పట్టుకోవడంలో దానికి తిరుగులేదు. కానీ దాన్ని దాటించాలంటే గాలికి ఒత్తిడి కావాలి. క్యాబినెట్ ఫ్యాను గట్టిగా తోస్తే 20 పాస్కళ్ళ దాకా తోస్తుంది. చిన్న హెపా పలక గాలి సరిగ్గా పోవడానికి 100 పైనే అడుగుతుంది. ఫ్యాను గిర్రున తిరుగుతూనే ఉంటుంది, గాలి మాత్రం కదలదు. చెవికి పనిచేస్తున్నట్టే వినిపిస్తుంది, అదీ దాంట్లో ఉన్న మాయ. హెపా పెట్టాలంటే పెద్ద వైశాల్యమున్న ఫిల్టరూ, పక్కకి ఊదే బ్లోయరూ కావాలి, దాని వెనక కార్బన్ కావాలి, కొన్నాళ్ళకి బంక పట్టాక మార్చాలి. కిటికీ లేని చోట ఇదే గతి. కిటికీ ఉన్నవాడికి మాత్రం ఇంత అవసరమే లేదు.

నా పద్ధతి చాలా మొరటుది. పొగని వడగట్టను, బయటికి తోస్తాను. దూరం నుంచి పీల్చను, డబ్బాలో పెట్టి పీలుస్తాను. బట్టలు పెట్టుకునే పెద్ద పారదర్శకమైన ప్లాస్టిక్ పెట్టె ఒకటి తీసుకుని పక్కకి పడుకోబెట్టాను. మూత ఉండాల్సిన వైపు మన వైపు. ఆ నోటి పైభాగానికి మూతలోంచి కోసిన ముక్కనే అడ్డంగా స్క్రూలతో బిగించాను. మిగిలిన సందు 30 సెంటీమీటర్ల వెడల్పు, 25 ఎత్తు. చేతులు, బోర్డు, ఐరన్ స్టాండు లోపల, తలకాయ బయట. కింద ప్లాస్టిక్ కాలకుండా ఇంట్లో మిగిలిపోయిన ఫ్లోరింగ్ టైలు పరిచాను. పైన ఒక ఎల్‌ఈడీ పట్టీ. పెట్టె వెనక ఆరంగుళాల గుండ్రటి రంధ్రం, దానికి వంటింటి చిమ్నీలకి వాడే ముడతల అల్యూమినియం పైపు. పైపు రెండో చివర బాత్రూముల్లో పెట్టే ఆరంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాను, అది ప్లైవుడ్ ముక్కలో, ఆ ప్లైవుడ్ స్లైడింగ్ కిటికీ సందులో. పని అయ్యాక ప్లైవుడ్ తీసేసి కిటికీ మూసెయ్యడమే. అద్దె ఇల్లయినా ఓనరుతో పేచీ లేదు. పాత సామాను పోను కొత్తగా పెట్టింది రెండు వేల లోపే.

దీని బలం ఎక్కడుందో చూడండి. ఆ సందు వైశాల్యం 0.075 చదరపు మీటర్లు. పైన చెప్పిన బక్క 40 సీఎఫ్ఎమ్ ఫ్యానే పెట్టినా ఆ నోట్లో ప్రతి చోటా వేగం 0.25 వస్తుంది. బోర్డు ముందుకు జరిపినా, వెనక్కి జరిపినా అంతే. నా ఎగ్జాస్ట్ ఫ్యాను డబ్బా మీద గంటకి 200 ఘనపు మీటర్లు అని ఉంది. పైపు మలుపుల్లో సగం పోయిందనుకున్నా 0.37. ఫ్యాను మార్చకుండా చుట్టూ గోడలు కట్టినందుకే ఇంత లాభం. సీలింగ్ ఫ్యాను కూడా తక్కువ స్పీడులో పెట్టుకుంటే ఓర్చుకుంటుంది.

పరీక్ష చెయ్యడానికి సెన్సార్లూ, డాష్‌బోర్డులూ అక్కర్లేదు. మనవాళ్ళు ముందు గ్రాఫు కట్టి, ఆ గ్రాఫులో పొగ పెరగడం చూస్తూ పొగ పీలుస్తూ కూర్చునే రకం, నాకు తెలుసు. పూజగదిలోంచి ఒక అగరొత్తి తెచ్చి బోర్డు ఉండే చోట పట్టుకోండి. పొగ తీగ ఎటు పోతుందో కళ్ళకి కనిపిస్తుంది. పెట్టె అంచుల దగ్గర, మూలల్లో కూడా పట్టుకుని చూడండి. ఇవతలికి వస్తుంటే నోరు ఇంకొంచెం చిన్నది చెయ్యాలి. గది తలుపు కింద సందు లేకపోతే తలుపు ఓరగా తీసి ఉంచాలి, ఎందుకంటే బయటికి పోయినంత గాలి లోపలికి రాకపోతే ఏ ఫ్యానూ పని చెయ్యదు. అలాగని ఏసీ చల్లదనం కొంత బయటికి పోతుంది. పోనివ్వండి, గంటసేపే కదా. కాకపోతే మీ కిటికీకి ఎదురుగా పక్కవాళ్ళ వంటిల్లు ఉందేమో కూడా చూసుకోండి. ఇంకోటి, బోర్డు కడిగే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ సీసా వేడి ఐరన్ ఉన్న పెట్టెలో పెట్టకండి. దాని ఆవిరి మండుతుంది.

ఇంతవరకూ మన సంగతి. మనం వారానికి గంట చేస్తాం. నా అసలు దిగులు మా వీధి చివర మొబైల్ రిపేరు చేసే కుర్రాడి గురించి. ఆరడుగుల వెడల్పు షాపు, వెనక గోడకి ఒక చిన్న వెంటిలేటరు. పొద్దున పదకొండు నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా మైక్రోస్కోపు కింద తల వంచి, సిరంజిలోంచి ఫ్లక్స్ పెట్టి, హాట్ ఎయిర్ కొడుతూ ఉంటాడు. పొగ తిన్నగా ముక్కులోకే. ఎప్పుడు చూసినా ఓ పొడి దగ్గు. దసరాకి ఊరెళ్ళిన నాలుగు రోజులూ దగ్గు రాలేదని, రాగానే మళ్ళీ మొదలైందని, అదేదో హైదరాబాదు నీళ్ళ మహిమ అన్నట్టుగా నవ్వుతూ చెప్పాడు. సెలవుల్లో తగ్గి పనిలో పెరిగే దగ్గంటే డాక్టర్లు వెంటనే అడిగేది పనిచోట ఏం పీలుస్తున్నావనే. ఛాతీ డాక్టరుకి చూపించుకోమని, పని ఏమిటో కూడా ఆయనకి చెప్పమని మాత్రం గట్టిగా చెప్పాను.

నా పెట్టె ఫోటో చూపిస్తే ఒక్క ముక్కలో కొట్టేశాడు. "అన్నా, డబ్బల వెట్టి చేస్తే లోపల ఏం పార్టు మారుస్తున్నడో అని కస్టమర్లు డౌట్ పడ్తరు." నిజమే. పైగా మైక్రోస్కోపు పెట్టెలో పట్టదు. మనం ఆఫీసులో కూర్చుని యూజర్ అవసరాలు అని స్లైడ్లు వేస్తాం కదా, ఇదిగో యూజరు.

అతని కోసం చేసింది వేరు. 12 వోల్టుల బ్లోయరు ఒకటి కోఠీ గుజరాతీ గల్లీలో దొరికింది. దానికి సింకు కింద వాడే ముడతల పైపు, నలభై మిల్లీమీటర్లది. పైపు నోరు మైక్రోస్కోపు స్తంభానికి క్లిప్పుతో కట్టి ఉంటుంది, రెండో చివర బ్లోయరులోంచి వెంటిలేటరు బయటికి. ఈ సన్న పైపులో గాలి సెకనుకి 0.008 ఘనపు మీటర్లు వస్తోందనుకున్నా, 3 సెంటీమీటర్ల దూరంలో 0.78 వేగం ఉంటుంది, 5 కి వెళ్తే 0.3. కాబట్టి నోరు జాయింటుకి బొటనవేలి దూరంలో ఉండాలి, పొగ ఎటు వాలుతుందో అటు వైపు. హాట్ ఎయిర్ కొట్టేటప్పుడు ఇదంతా సరిపోదు. ఆ గాలి పొగని చెదరగొడుతుంది, కొంత తప్పించుకుంటుంది. నూటికి నూరు పాళ్ళూ కాదు. కానీ ఇంతకు ముందు సున్నా.

మన ఆఫీసుల్లో కుర్చీ నడుముకి సరిగ్గా లేదని మెయిల్ పెడితే వారంలో కొత్త కుర్చీ వస్తుంది. మన ఫోను స్క్రీను పగిలితే, ఛార్జింగ్ పిన్ను ఊడితే బాగుచేసే వాడికి మాత్రం గాలి ఎవరి శాఖ కిందకీ రాదు. వాడికి తెలియక కాదు, పక్క షాపువాడు పెట్టుకోడు కాబట్టి వీడూ పెట్టుకోడు, అంతే. పైపు ముక్కా, బ్లోయరూ కలిపి మన వీకెండ్ బిర్యానీ బిల్లంత. మీ వీధిలో కూడా ఇలాంటి షాపొకటి ఉండే ఉంటుంది. ఫోను ఇచ్చి పావుగంట నిలబడే బదులు ఈ పైపు సంగతి చెప్పి చూడండి. ఉపన్యాసం మాత్రం వద్దు, నేను మొదలెడితే అతను ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాడు.

నెల తర్వాత పైపు విప్పి చూశాం. నోటి దగ్గర లోపలి ముడతల్లో లేత పసుపు రంగు బంక, వేలికి అంటుకునేంత. అది చూశాక అతను పైపు గురించి నన్ను అడగడం మానేసి, తన దగ్గరికొచ్చే ఇంకో ఇద్దరు రిపేరు కుర్రాళ్ళకి తనే చూపిస్తున్నాడు. బంకని ఆల్కహాల్‌లో ముంచిన గుడ్డతో తుడిస్తే పోతుంది, బ్లోయరు స్విచ్చి ఆపి తుడవాలి. ఇప్పుడు మిగిలింది శబ్దం. కస్టమరు మాట వినబడట్లేదని బ్లోయరు ఆపేస్తాడు, మళ్ళీ వెయ్యడం మర్చిపోతాడు. అందుకని పోయిన ఆదివారం దాని వైరుని మైక్రోస్కోపు లైటు స్విచ్చికే కలిపాను. లైటు లేకుండా ఎలాగూ పని చెయ్యలేడు.